పంది, గొర్రె, ఆంబోతు, ఇటుక

ఆ ఏడాది కొత్తలాకుల జిల్లాలో పురాతనం అయిపోయింది.

కిరసనాయిలు అయిపోయినట్టు, యూరియా అయిపోయినట్టు, ఒకనాడు పొద్దున్నే చూసేసరికి లేదు. సంగతేమిటంటే, ప్రతి జిల్లా సస్యరక్షణ కార్యాలయమూ ఒక ప్రాచీన వ్యవసాయ విధానాన్ని దత్తత తీసుకుని, పైరు మీద ప్రయోగించి, ఫలితం పంపాలని రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. ఒక జిల్లా తీసుకున్నదాన్ని ఇంకో జిల్లా ముట్టుకోకూడదు. ఉత్తర్వు అన్ని జిల్లాలకీ ఒకేరోజు వెళ్లింది గానీ, కొత్తలాకుల్లో అది ఏ బల్ల మీద పెట్టాలో తేలడానికే సంక్రాంతి దాటిపోయింది. తేలేసరికి పంచగవ్యాన్ని ఒక జిల్లా ఎగరేసుకుపోయింది. వేపకషాయం ఇంకొకరిది. హోమం బూడిద, పుట్టమన్ను, పున్నమినాటి విత్తనం, అన్నీ ఎవరో ఒకరు కట్టేసుకున్నారు. ఆఖరికి దిష్టిబొమ్మకి కూడా ముగ్గురు పోటీపడి చీటీ వేసుకున్నారు.

"మన పురాతనం అంతా పక్క జిల్లాల వాళ్లు పట్టుకుపోయారు మాస్టారూ," అన్నారు జాయింట్ డైరెక్టరు పరాంకుశరావు గారు ఫోనులో. "ఇంకెవరిదైనా పురాతనం మిగిలుంటే చెప్పండి. పాతదైతే చాలు. దేశం విషయంలో మా కార్యాలయానికి అభ్యంతరం లేదు."

ఆ మాస్టారు దివాకరం గారు. కొత్తలాకుల డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. చరిత్ర అంతా చెప్పినా ఆయన పాఠం కుదిరేది రోము దగ్గరే. క్లాసులో పుస్తకం తెరిచి ఎరుగరు. రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు, చక్రవర్తి మేనత్త కొడుకు ఎలా పోయాడన్నది, అన్నీ కళ్లు మూసుకుని చెప్పేవారు. విద్యార్థులు కూడా కళ్లు మూసుకునే వినేవారు. ఆయనకి జీవితంలో గర్వమంటూ ఏదైనా ఉంటే ఆ ఒక్క జ్ఞాపకశక్తి గురించే.

భార్య హైమావతి గారికి మాత్రం దాని మీద వేరే అభిప్రాయం ఉండేది. కూరలబండి వాడు "టమాటాలు వెయ్యమంటారా?" అని అడిగితే, రోమన్లు ఎన్ని యుద్ధాలు గెల్చినా టమాటా మొహం ఎరగరని ఆయన చెప్పడం మొదలుపెట్టేవారు. వాడు తూకం పట్టుకుని అలాగే నిలబడిపోయేవాడు. ఆవిడ లోపల్నుంచి వచ్చి సంచీ అందుకుని, "అడిగినదానికి చెప్పండి. తెలిసిందంతా చెప్పకండి," అనేది. పెళ్లయినప్పటి నుంచీ అదే మాట. ఆయన అదే తల ఊపడం.

ఆవిడ పోయి రెండేళ్లయింది. ఇప్పుడు అడిగేవాళ్లూ లేరు, ఆపేవాళ్లూ లేరు. ఆయనతో మిగిలింది ఇటుక ఒక్కటే.

ఇటుక అంటే కుక్క. మేడ మీద గది వేయిస్తున్నప్పుడు ఇటుకల గుట్ట మీద పుట్టింది. రంగు అచ్చం ఇటుకదే. ఆ గుట్ట మీద పడుకుంటే, తోక ఆడిస్తే తప్ప కనపడేది కాదు. హైమావతి గారే పేరు పెట్టి, రోజూ మధ్యాహ్నం పెరటిగుమ్మంలో పెరుగన్నం పెట్టేది. ఆవిడ పోయాక కూడా అది వేళకి అదే గుమ్మం ముందు కూర్చుని కాసేపు ఎదురుచూసేది. తరవాత లేచి, వీధివైపు కుర్చీలో ఉన్న దివాకరం గారి దగ్గరికొచ్చి, సరే ఇక నువ్వే పెట్టు అన్నట్టు కాలి మీద గడ్డం ఆనించేది. లోకం తన మీద చూపించే దయల్లో అదే పెద్దదని ఆయన లెక్క.

కాబట్టి సస్యరక్షణ కార్యాలయం తనని ఏదో అడుగుతోందనేసరికి ఆయన చొక్కా ఇస్త్రీ చేయించుకున్నారు. ఇటుక వెంట నడిచింది.

సమావేశంలో పరాంకుశరావు గారు, సూపరింటెండెంటు కోదండం, ఇంకా కొంతమంది సిబ్బంది ఉన్నారు. దివాకరం గారు లేచి, ప్రతి వసంతంలో రోమన్ రైతు ఒక పందిని, ఒక గొర్రెని, ఒక ఆంబోతుని పొలం చుట్టూ మూడుసార్లు తిప్పేవాడని, దానితో పొలం శుద్ధి అయి చీడపీడలు పోతాయని నమ్మేవాడని చెప్పారు. తరవాత వాటిని బలిచ్చేవాడని కూడా చెప్పారు గానీ, ఆ సమయానికి సమోసాలు రావడం వల్ల ఎవరూ వినలేదు.

"ఏ జిల్లా తీసుకోలేదు కదా?" అన్నారు పరాంకుశరావు గారు.

"ఇటలీలో తీసుకునుంటారండి. మన రాష్ట్రంలో లేదు," అన్నాడు కోదండం.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. అడిగినదానికి చెప్పడం అయిపోయింది. కానీ సమోసా తింటూ ఎదురుగా పదిమంది తనవైపు చూస్తున్నారు. కళ్లు కూడా తెరిచే ఉన్నాయి. దివాకరం గారి జీవితంలో ఇది అరుదైన దృశ్యం.

"ఇంకో విశేషం ఉందండి," అన్నారు ఆయన. "ప్రదక్షిణలో ఏ చిన్న తప్పు జరిగినా, ఒక మాట తడబడినా, జరిగినంతవరకూ చెల్లదు. మళ్లీ మొదటినుంచి చెయ్యాలి."

కోదండం రాస్తున్నవాడు తలెత్తాడు. "మళ్లీ మొదటినుంచా?" అన్నాడు, తప్పిపోయిన మేనమామ కబురు విన్నట్టు.

"అంతే కాదు. అక్కడ ఒక పవిత్రమైన తోపు ఉండేది. అందులోకి ఇనుము రాకూడదు. శాసనం చెక్కడానికి ఉలి తేవాల్సొస్తే, లోపలికి తెచ్చినందుకు ఒక ప్రాయశ్చిత్తం. అదే ఉలిని బయటికి తీసుకెళ్లినందుకు ఇంకో ప్రాయశ్చిత్తం."

కోదండానికి కళ్లు చెమర్చాయి. "సార్," అన్నాడు పరాంకుశరావు గారి వైపు తిరిగి. "వీళ్లు మనవాళ్లే సార్."

పరాంకుశరావు గారు వందన సమర్పణకి లేచారు. దివాకరం గారు చెయ్యెత్తారు. "ఒక్క మాటండి. మనకిప్పుడు వరికి అగ్గితెగులు కదా. వాళ్లకి గోధుమ మీద తుప్పుతెగులు ఉండేది. దానికి విడిగా ఒక పండగ. ఆ రోజున ఏటా ఒక ఎర్రకుక్కని..."

ఆగారు. ఆగినట్టు ఆయనకే తెలిసింది గానీ, మాట అప్పటికే గుమ్మం దాటేసింది.

"ఎర్రకుక్కని?" అన్నారు పరాంకుశరావు గారు.

అందరి చూపులూ బల్ల కిందికి వెళ్లాయి. గది అంత నిశ్శబ్దమయ్యేసరికి తనని ఎవరో మెచ్చుకున్నారనుకుని ఇటుక తోక ఆడించింది.

*

ఉత్తర్వు వారంలో వచ్చింది. దివాకరం గారిని రోము వ్యవహారాల సాంకేతిక సలహాదారుగా నియమించడమైనది. వరాహ మేష వృషభములచే క్షేత్ర ప్రదక్షిణ కార్యక్రమము, యర్రా మంగతాయారు గారి పొలమునందు, కారు వెళ్లుటకు వీలున్న కారణముచేత, జరుపబడును. చివరి పేరా కోదండం చదివి వినిపించాడు.

"రోమనులు సదరు ఎర్రకుక్కను వధించియుండిరి. ప్రస్తుత చట్టముల దృష్ట్యా వధ సాధ్యపడదు గావున, ప్రదక్షిణ నిర్విఘ్నముగా ముగిసిన వెంటనే, వధకు సమానముగా సదరు కుక్కను జిల్లా సరిహద్దు దాటించి, తిరిగి రాకుండా తగు ఏర్పాట్లు చేయవలెను. కుక్కతోపాటు తెగులు కూడా జిల్లా విడిచినట్లు భావించవలెను."

"పందినీ ఆంబోతునీ మాత్రం ఇంటికి పంపిస్తున్నారే?"

"అవి పశుసంవర్ధక శాఖవండి. తిరిగి అప్పజెప్తామని సంతకం పెట్టాం. కుక్క మీద ఏ శాఖా లేదు కదండి."

"ఎక్కడికి దాటిస్తారు?" అన్నారు దివాకరం గారు.

"వంతెన అవతలికండి. పక్క జిల్లాతో ఉత్తరాలు నడుస్తున్నాయి. ఒట్టి కుక్కయితే తీసుకుంటాం, తెగులుతో వస్తే ఒప్పుకోం అంటున్నారు. కుక్కకీ తెగులుకీ విడివిడిగా రవాణా పెట్టే విషయం పరిశీలనలో ఉంది."

"అసలు మా కుక్కే ఎందుకండీ? అది నా ఒక్కడికీ..." అని, ఆ వాక్యం ఆఫీసులో చెప్పుకునేది కాదని తోచి మార్చారు. "ఊళ్లో ఎన్ని లేవు?"

"ఉన్నాయండి. కానీ సమావేశానికి హాజరైంది ఇదొక్కటే. నిర్ణయం చేస్తుంటే అభ్యంతరం కూడా చెప్పలేదు. మౌనం అర్ధాంగీకారం. తోక ఆడించడం మిగతా అర్ధం."

దివాకరం గారు ఆలోచించి ఇంకో దారి పట్టారు. "అసలది ఎరుపు కాదండి. రోమన్లు చెప్పింది నికార్సయిన ఎరుపు. ఇది ఇటుక రంగు."

పరాంకుశరావు గారు దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. రంగు నిర్ధారణకి ఉపసంఘం వేశారు. ఉపసంఘం రంగుల దుకాణం నుంచి గోడలకి వేసే రంగుల కార్డు తెప్పించి, ఇటుక వీపు మీద ఒక్కొక్క గడీ ఆనించి చూసింది. ఇటుక కదలకుండా నిలబడింది. ఇంతమంది ఒకేసారి నిమరడం దానికి కొత్త.

"ఇదండీ, సరిగ్గా సరిపోయింది," అన్నాడు కోదండం. "పేరు టెర్రకోటా అని ఉంది. ఎరుపా కాదా అన్నది రాయలేదు. తేలదండి ఇది."

తేలకపోతే వదిలేసేవారే. దివాకరం గారికి ఆ క్షణంలో కావలసింది నోరు మూసుకోవడం ఒక్కటే. కానీ కార్డు మీద ఆ మాట కనిపించగానే నోరు తన పని తను చేసుకుపోయింది. "టెర్రకోటా అంటే ఇటలీ మాటండి. కాల్చిన మట్టి అని."

"ఇటలీయా!" అన్నారు పరాంకుశరావు గారు కుర్చీలోంచి లేచి. "కుక్క రంగు కూడా రోముదే. ఇంకేం కావాలయ్యా!"

ఇంటికి నడుస్తుంటే ఇటుక ముందు పరిగెత్తి, వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకి పరిగెత్తింది. హైమావతి ఉండి ఉంటే ఈ పూట ఏమనేదో దివాకరం గారికి ఊహించుకునే అవసరం కూడా రాలేదు.

*

మొదటి ప్రదక్షిణ మాఘమాసంలో ఒక గురువారం. ముందు పంది, వెనక గొర్రె, వెనక ఆంబోతు, దాని వెనక దాని డాక్టరు, ఆ వెనక పరాంకుశరావు గారు, సిబ్బంది, చివర మెడలో బంతిపూల దండతో ఇటుక. దివాకరం గారు పొలం మూలన నిలబడి మంత్రం చదవాలి. మూడో చుట్టు చివర, ఊరేగింపు తిరిగి ఆయన దగ్గరికి చేరేసరికి, ఆఖరి వాక్యం పూర్తి కావాలి. దాన్ని లాటిన్‌లో చదవమన్నారు పరాంకుశరావు గారు.

"నాకు లాటిన్ రాదండి."

"రోము మీద అన్నేళ్లు పాఠం చెప్పి లాటిన్ రాదంటారేమిటి!"

"నెపోలియన్ మీద కూడా చెప్పానండి. ఫ్రెంచి కూడా రాదు."

చివరికి ఆయనే రోమన్ల ధోరణిలో తెలుగులో ఒక వచనం కట్టారు. పొలం గట్టుకీ, గట్టు లోపలి నీటికీ, నీటి లోపలి వేరుకీ మేలు కోరుతూ సాగి, "ఇంతటితో ఈ నేల శుభ్రమైనది, కీడు వెళ్లిపోవుగాక" అన్న వాక్యంతో ముగుస్తుంది.

రోమన్ల నియమం ప్రకారం ప్రదక్షిణ జరుగుతున్నంతసేపూ అశుభమైన మాట వినపడకూడదు. అందుకని కార్యాలయం నిషిద్ధ పదాలు ప్రకటించింది. నష్టం, చావు, అప్పు, లేదు. ‘లేదు’ అన్న మాట తీసేస్తే ఆఫీసు నడవదని సిబ్బంది మొరపెట్టుకున్నారు గానీ, పొలం గట్టు వరకే కదా అని సర్దిచెప్పారు. ‘తెగులు’ కూడా నిషేధమే. దానికి బదులు ‘విశేషం’ అనాలి.

"ఆకుల మీద విశేషం ఎలా ఉందమ్మా?" అని అడిగారు పరాంకుశరావు గారు మంగతాయారుని.

"విశేషంగానే ఉందండి," అంది మంగతాయారు. నడుముకి కొంగు బిగించి, గట్టు మీద తన తోడికోడలికి కనపడేలా నిలబడింది. తోడికోడలి పొలం కూడా రోడ్డు పక్కనే ఉంది గానీ, అటు కారు తిరగదు. మంగతాయారుకి అగ్గితెగులు కంటే ఆ విషయమే ముఖ్యం.

రెండో చుట్టు సగంలో పరాంకుశరావు గారి ఫోను మోగింది. సినిమా పాట. దాని పల్లవిలోనే చావు ఉంది.

అందరూ దివాకరం గారివైపు చూశారు. ఆయన మొహమాటపడుతూ, "మళ్లీ మొదటినుంచండి," అన్నారు. అనగానే ఇటుక వైపు చూశారు. అది దండలోంచి ఒక బంతిపువ్వు లాగి నములుతోంది. ఆయనకి అప్పుడు తట్టింది. ప్రదక్షిణ పూర్తయితేనే కదా సరిహద్దు!

మరుసటి గురువారం పంది పిల్లకాలువలో పడుకుంది. దాన్ని కొట్టకూడదు, తిట్టకూడదు, అశుభం.

"ఏవండీ మాస్టారూ, పందిగారు ఎప్పుడు లేస్తారండి?" అని అడిగింది మంగతాయారు. "మాకు నీళ్ల వంతు ఉందండి."

"వారి ఇష్టమమ్మా," అన్నారు దివాకరం గారు, మనస్ఫూర్తిగా.

ఆ తరవాతి వారం ఇనుము, తోపు నియమమే పొలానికీ పెట్టారు. కోదండం మొలతాడుకి పిన్నీసు బయటపడింది. లోపలికి తెచ్చినందుకు ఒక ప్రాయశ్చిత్త పత్రం, బయటికి తీసుకెళ్లినందుకు ఇంకో పత్రం రాశాడు. రెండూ ఒకదానికొకటి జత చేయాలని గుండుసూది గుచ్చాడు. గుండుసూది ఇనుము. దానికి మళ్లీ రెండు పత్రాలు. వాటికి మళ్లీ గుండుసూది. సాయంత్రానికి కోదండం గట్టు మీద కాగితాల మధ్య కూర్చుని, తన ఉద్యోగ జీవితంలో ఇంత నిండైన రోజు ఎరగనని చెప్పాడు.

వారాలు గడిచాయి. ప్రతి గురువారం ఇటుక పూలదండతో పొలం చుట్టూ తిరగడం, ప్రభుత్వ ఖర్చుతో బిస్కట్లు తినడం, సాయంత్రం మాస్టారితో ఇంటికి వచ్చి పెరుగన్నం తినడం. వంతెన అవతలికి వెళ్లాల్సిన కుక్కల్లో ఇంత ఒళ్లు చేసింది ఇంకోటి ఉండదు. దివాకరం గారు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. ప్రభుత్వ కార్యక్రమంలో తప్పు వెతకడానికి ఆయనకి ఆ అవసరం ఒక్కసారీ రాలేదు.

ఆయన మనసుని ఒక్కటే తొలిచేది. పథకం నడుస్తున్నంతకాలం ఆ పొలంలో మందు కొట్టకూడదు. ఒక కుక్క కోసం తను పొలాన్ని బలి పెడుతున్నాడా? ఒకరోజు తెల్లవారుతూనే ఇటుకని తీసుకుని చూడ్డానికి వెళ్లారు. పొలంలో మంగతాయారు వీపుకి స్ప్రేయరు తగిలించుకుని హాయిగా మందు కొట్టుకుంటోంది.

"అదేంటమ్మా!"

"మందండి."

"అంటే, ఇన్నాళ్లూ..."

"మొదటి వారం నుంచీ కొడతానే ఉన్నానండి. మీ పంది పని పందిది, నా మందు పని మందుది. నేనేవన్నా మీ పందిని ఆపానా?"

"మరి వాళ్లకి చెప్పలేదే?"

మంగతాయారు ఆశ్చర్యంగా చూసింది. "ఎవరూ అడగలేదు కదండి. అడిగినదానికి చెప్పాలి గానీ, తెలిసిందంతా చెప్పేసుకుంటా పోతే సంసారాలు సాగుతాయాండి?"

దివాకరం గారు గట్టు మీద అలాగే కూర్చుండిపోయారు. ఆ మాట ఇంకో గొంతులో వినపడి రెండేళ్లయింది. మంచు మీద ఎండ పడింది. ఇటుక వచ్చి మోకాలి మీద గడ్డం ఆనించింది.

*

"మార్చి ముప్పయ్యొకటి సాయంత్రంలోగా పూర్తికాకపోతే పథకం మురిగిపోతుందండి," అన్నాడు కోదండం. "పందీ ఉండదు, మంత్రమూ ఉండదు, కుక్క పేరా కూడా ఉండదు. అసలు జరగనట్టే."

ఆ మాటకి దివాకరం గారికి ఎంత ధైర్యం వచ్చిందో, పరాంకుశరావు గారికి అంత భయం వేసింది. ఆఖరిరోజు ప్రదక్షిణ చూడ్డానికి రాజధాని నుంచి కమిషనరు గారిని స్వయంగా పిలిచారు. ఇక తప్పు జరగడానికి వీల్లేదు. పందికి తవుడుతో తర్ఫీదు ఇచ్చారు. ఫోనులన్నీ గోనెసంచిలో వేసి ఊళ్లోకి పంపేశారు. సిబ్బంది బెల్టులు విప్పి పంచెలు కట్టారు. మంగతాయారు తోడికోడల్ని, అశుభం మాట్లాడే అలవాటుందని ఫిర్యాదు రావడంతో, ఆ పూటకి అన్నవరం పంపించారు.

రోడ్డు మీద ఒక వ్యాను ఆగి ఉంది. లోపల కటకటాల పంజరం. ఇనుము కాబట్టి గట్టుకి దూరంగా పెట్టారు. ఇటుకకి కొత్త దండ వేశారు. పక్క జిల్లా వాళ్లు ఆఖరికి కుక్కనీ తెగులునీ కలిపే తీసుకోవడానికి ఒప్పుకున్నారట. బదులుగా వాళ్ల వరికి పట్టిన దోమపోటు మనం తీసుకోవాలి.

మొదటి చుట్టు తిరిగింది. ఒక్క తప్పు లేదు. దివాకరం గారు మంత్రం చదువుతూనే ఆశగా పందివైపు చూశారు. పంది పెళ్లిపీటల మీదకి నడిచే పెళ్లికొడుకులా నడుస్తోంది. రెండో చుట్టు. ఆంబోతు కాలువ దాటింది, తోక కూడా తడవలేదు. కోదండం దగ్గర ఇనుమన్నది ఒంట్లో రక్తంలో ఉన్నదే. పరాంకుశరావు గారికి తుమ్ము వచ్చింది. ముక్కు పట్టుకుని, కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే, మింగేశారు.

మూడో చుట్టు. ఆ మూల తిరిగారు, ఈ మూల తిరిగారు. జనంలో సగంమంది దివాకరం గారి పాత విద్యార్థులే. బ్యాంకు మేనేజరు, మందులషాపు యజమాని, ఆంబోతు డాక్టరు కూడా. మాస్టారి గొంతు వాళ్లకి తెలుసు. ఎన్నడూ తడబడని గొంతు. "చూశావా, ఇప్పటికీ చేత్తో కాగితం పట్టుకోరు," అని ఎవరో పక్కవాడి చెవిలో అనడం ఆయనకి వినపడింది. లోపల, అంత దుఃఖంలో కూడా, కొంచెం సంతోషం వేసింది. ఆ సంతోషానికి ఆయనకే సిగ్గేసింది.

పంది వచ్చి ఎదురుగా ఆగింది. గొర్రె ఆగింది. ఆంబోతు ఆగింది. ఇటుక వచ్చి, ఎక్కడ ఆగాలో దానికి ఎవరూ చెప్పకపోవడం వల్ల, అలవాటైన చోటికి, ఆయన పాదాల దగ్గరికి వచ్చి కూర్చుంది. వ్యాను తలుపు తీసిన చప్పుడు రోడ్డు మీంచి సన్నగా వినపడింది. అంతదూరం నుంచి వచ్చిన ఇనుప చప్పుడు తప్పు కిందికి వస్తుందా అని ఆలోచించారు. రాదు. నియమం ఆయనకి బాగా తెలుసు. బాగా తెలియడమే ఆయన ఖర్మ.

"పొలం గట్టుకి మేలు," అన్నారు. "గట్టు లోపలి నీటికి మేలు. నీటి లోపలి వేరుకి మేలు. ఇంతటితో..."

ఆగారు.

గాలికి వరికంకులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. పరాంకుశరావు గారు నవ్వుతూ ఎదురుచూశారు. తరవాత నవ్వకుండా ఎదురుచూశారు.

"ఇంతటితో..." అన్నారు దివాకరం గారు మళ్లీ. మిగతా వాక్యం ఆయన నాలుక చివర, కాళ్లకి చెప్పులతో సహా తయారై నిలబడి ఉంది. ఆయన దాన్ని బయటికి రానివ్వలేదు.

"చెప్పండి మాస్టారూ," అన్నారు పరాంకుశరావు గారు పళ్ల బిగువున. "తర్వాతి మాట?"

దివాకరం గారు జనంవైపు చూశారు. కమిషనరు గారివైపు చూశారు. పాత విద్యార్థులవైపు చూశారు. కిందికి చూశారు.

"మర్చిపోయానండి," అన్నారు.

జనంలో ఎవరో "అయ్యో" అన్నారు. మందులషాపు యజమాని తల దించుకున్నాడు. అతను బాధపడింది ప్రదక్షిణ గురించి కాదు. "పెద్దవారైపోయారు పాపం, ఆవిడ పోయిన దగ్గర్నుంచీ," అన్నాడు మేనేజరుతో. ఆ మాటలు ఒక్కొక్కటీ దివాకరం గారి చెవిన పడ్డాయి. అవి నిజం కాదని రుజువు చెయ్యడానికి ఒక్క వాక్యం చాలు. మంగతాయారు మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆయన్నే చూస్తోంది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి.

"మళ్లీ మొదటినుంచి!" అని అరిచారు పరాంకుశరావు గారు.

"ఆంబోతుకి అనుమతి సాయంత్రం ఐదింటి వరకేనండి," అన్నాడు కోదండం, వాచీ ఇనుమని ఇంట్లో వదిలేయడం వల్ల పొద్దువైపు చూసి. "దాని డ్యూటీ అయిపోయింది."

ఆంబోతు నడిచి వెళ్లిపోయింది. దాని వెనకే డాక్టరు. పథకం ఆ సాయంత్రం, ఏ బాధా లేకుండా, మురిగిపోయింది. ఇంటికొచ్చి దివాకరం గారు పెరుగన్నం కలిపి పెరటిగుమ్మంలో పెట్టారు. గుమ్మంవైపు తిరిగి, కాస్త సిగ్గుగా, "ఇవాళ చెప్పలేదు," అన్నారు.

*

పరాంకుశరావు గారు నెల్లాళ్లు ఆయనతో మాట్లాడలేదు. ఈలోగా మంగతాయారు పొలం కోతకొచ్చింది. పంట బాగా పండింది. తోడికోడలు చూడ్డానికి కూడా రాలేదు, అంత బాగా పండింది.

రాజధానిలో అన్ని జిల్లాల ఫలితాలూ కలిపి చూశారు. పంచగవ్యం నిర్విఘ్నంగా పూర్తయింది, పైరు పోయింది. హోమం బూడిద నూటికి నూరుపాళ్లు పూర్తయింది, పైరు పోయింది. కొత్తలాకుల్లో ఒక్కచోటే కార్యక్రమం పూర్తికాలేదు, పైరు నిలిచింది. నిపుణుల సంఘం కూర్చుని శాస్త్రీయంగా విశ్లేషించి, పైరుని కాపాడింది పంది కాదు, గొర్రె కాదు, ఆంబోతు కాదు, కార్యక్రమం పూర్తికాకపోవడమేనని తేల్చింది. మంగతాయారుని ఎవరూ ఏమీ అడగలేదు.

వచ్చే ఏటికి అన్ని జిల్లాలకీ మార్గదర్శకాలు వచ్చాయి. కోదండమే తెచ్చి వినిపించాడు. "మూడవ చుట్టు చివర, ‘ఇంతటితో’ అను పదము వద్ద సదరు పండితుడు ఆగి, రెండవసారి ‘ఇంతటితో’ అని, పిమ్మట ‘మర్చిపోయానండి’ అని స్పష్టముగా పలుకవలెను. అనంతరం ఎర్రకుక్క పండితుని వెంట ఇంటికి వెళ్లవలెను." పండితులందరికీ శిక్షణ ఇవ్వడానికి దివాకరం గారిని నియమించారు. పరాంకుశరావు గారికి ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని గోడకి మేకు లేకుండా అతికించారు.

మొదటి శిక్షణ పక్క జిల్లాలో. దివాకరం గారూ ఇటుకా పొద్దున్నే బస్సులో వంతెన దాటారు. ఇటుక కిటికీలోంచి మూతి బయటపెట్టి నదిని చూసింది. సరిహద్దు బోర్డు వెనక్కి వెళ్లిపోతుంటే దాన్ని చూసి ఒకసారి మొరిగి ఊరుకుంది.

అక్కడి పండితుడు కుర్రవాడు, తెలుగు లెక్చరరు, జరీ కండువా, కంచు గొంతు. చుట్టూ పెద్ద అధికారులు. గట్టు మీద తాడుతో కట్టిన ఒక బక్క ఎర్రకుక్క, ఎవరిదో తెలియదు, వణుకుతోంది. కాస్త దూరంలో, ఎందుకైనా మంచిదని, ఒక వ్యాను.

కుర్రవాడు అద్భుతంగా చదివాడు. గట్టుకి మేలు, నీటికి మేలు, వేరుకి మేలు. "ఇంతటితో," అన్నాడు. ఆగాడు. "ఇంతటితో," అన్నాడు మళ్లీ. అధికారులు ఊపిరి బిగబట్టారు. అందరూ తనవైపే చూస్తున్నారు, కళ్లు తెరిచి. కుర్రవాడి మొహంలో ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగు దివాకరం గారికి బాగా తెలుసు. "ఈ నేల శుభ్రమైనది," అన్నాడు గంభీరంగా, "కీడు వెళ్లి..."

"ఆపండి!" అన్నారు దివాకరం గారు. జీవితంలో అంత గట్టిగా ఆయన ఏ క్లాసులోనూ అరవలేదు.

వ్యాను దగ్గర మనిషి తలుపు మీద చెయ్యి వేసినవాడు వేసినట్టే ఉండిపోయాడు.

"మంత్రం తప్పులేకుండా చెప్పాను కదా సార్? ఏం తప్పు జరిగింది?" అన్నాడు కుర్రవాడు, నొచ్చుకుని.

ఇది నిజంగా అడిగిన ప్రశ్న. జవాబుగా దివాకరం గారికి తెలిసింది చాలా ఉంది. రోమన్ల గురించి, కళ్లు తెరిచి వినే మనుషుల గురించి, కూరలబండి దగ్గర సంచీ అందుకున్న ఒక మనిషి గురించి. ఆయన ఆ బక్కకుక్క దగ్గరికి వెళ్లి, తాడు ముడి కాస్త వదులు చేసి, తల నిమిరారు.

"మర్చిపోవడంలో శ్రద్ధ చాలలేదు నాయనా," అన్నారు. "మళ్లీ మొదటినుంచి."